గోడ మీద తోటకూర

గద్వాలలో లలితమ్మ ఇంటి వెనక గదిలో కిరాయికి దిగిన ముసలాయన, రెండో రోజే పెరటి గోడకు మేకులు కొట్టడం మొదలుపెట్టాడు.

"ఏంది గది, అబ్రహాం?"

"తోట పెడుతున్ననమ్మా."

"గోడకా?"

"కింద జాగ లేదు గద."

కిందంతా బండలే, నిజమే. అయినా గోడకు తోటేమిటో లలితమ్మ బుర్రకెక్కలేదు.

మర్నాడు ఆయన బస్తాడు ఖాళీ ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాలు మోసుకొచ్చాడు. వైన్ షాపు వెనక ఏరుకొచ్చాడట.

"మీది ఏ ఊరు?" అనుమానంగా అడిగింది.

"మేం మునిగినోళ్లం, అమ్మా."

"నువ్వొక్కనివా?"

"ఊరంత మునిగింది."

ఊరు ఊరంతా ఎట్లా మునుగుతుంది? అయితే తాగుడే అయి ఉంటుందని లలితమ్మ తేల్చేసుకుంది.

అబ్రహాం సీసాలను అడ్డంగా పెట్టి, పైన కిటికీలా కోసి, అడుగున చిల్లులు పొడిచి, మన్ను నింపాడు. సుతిలి తాడుతో ఒకదాని కింద ఒకటి వేలాడదీశాడు. మూటలోంచి చిటికెడు గింజలు తీసి చల్లాడు.

పై సీసాలో చెంబుడు నీళ్లు పోస్తే బొట్టు బొట్టుగా కిందిదాకా దిగేవి. నెల తిరిగేసరికి గోడంతా ఎర్రకాడ తోటకూర. తాగుబోతుకు ఇంత ఓపికా? లలితమ్మకు ఏమీ అంతుపట్టలేదు.

ఎండలు ముదిరాయి. నల్లా మూడు రోజులకోసారి వస్తోంది. లలితమ్మ డ్రమ్ము మీద మూత పెట్టి, మూత మీద బండ పెట్టింది.

"నా నీళ్లతోని నీ తోట నడ్వది, అబ్రహాం."

"కంకి గింజ పట్టేదాంక పోయనియ్యమ్మా. దినాం చెంబుడే."

"బజార్ల తోటకూర దొరకదా ఏంది?"

"గది నా చేనిది గాదు."

"తాగుడుకు మునగకుంటె చేను ఉండేటిది గద."

ఆయన తెల్లబోయాడు. "నేను తాగనమ్మా."

"చెంబుడైనా నావి నావే."

అబ్రహాం మళ్లీ అడగలేదు. తాను తాగే నీళ్లలో సగం నాలుగు రోజులు మొక్కలకే పోశాడు. ఐదో రోజు కంకులు పాలు పట్టకుండానే మాడిపోయాయి. ఆ సాయంత్రం సీసాలు విప్పి, గోడకు పడ్డ చిల్లులన్నీ సున్నంతో పూడ్చి, తాళంచెవి చేతికిచ్చాడు.

"ఏడికి?"

"ఏడనన్న నాలుగు బొట్లు దొరుకుతయేమో చూస్తనమ్మా."

వారం తర్వాత, వాడకు నల్లా విడిచే జంగయ్య వచ్చాడు.

"మా అబ్రహాం పెదనాయిన మీ ఇంట్ల దిగిండంట గద?"

"ఎల్లిపోయిండు. మీదొకటే ఊరా? ఏడుంటది?"

"ఇంకేడిదమ్మా. కృష్ణ మీద డ్యాము కట్టినప్పుడు నీళ్లల్ల మునిగిపాయె."

మునగడమంటే అదా? సిగ్గుతో లలితమ్మకు చచ్చినంత పనైంది.

"మరి ఆయన చేను?"

"మొదలు పోయింది ఆయనదే. అందరం భూములు ఇయ్యం అని కూసున్నం. 'గద్వాలల ఆడోళ్లు బిందెలు పట్టుకొని తిరుగుతున్నరు, పోనియ్యుండ్రి' అని మాకు నచ్చజెప్పి, ముందుగాల ఆయనే సంతకం పెట్టిండు."

జంగయ్య వంగి వాల్వు తిప్పాడు.

"మీ వాడకు నీళ్లు గుంజే మోటరున్నది ఆయన చేన్లనే, అమ్మా."