మెట్ల మీద చెక్కలు

"నన్ను ఎత్తకుండ్రి," అంది రాజక్క.

మూడు చక్రాల బండి మీంచి ఆమెను లేపడానికి వంగిన ఇద్దరు యువకులు చేతులు వెనక్కి తీసుకున్నారు. ప్రతి ఆదివారం వాళ్లు వంగడం, ఈమె వద్దనడం మామూలే. కాళ్లు పోలియోకు పోయాయి గానీ సిగ్గు పోలేదు కదా. ఇద్దరు మగాళ్లు చంకల కింద చేతులేసి మెట్లెక్కిస్తుంటే చీర ఎక్కడికక్కడ జారుతుంది, సంఘమంతా తలలు తిప్పి చూస్తుంది. అందుకే ఆ కోరుట్ల చర్చిలో ఆమె చోటు లోపల కాదు, మెట్ల కింద, అందరూ విడిచిన చెప్పుల పక్కన. ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం కిందికే తెచ్చి ఇస్తారు. వాక్యం మైకులో వింటుంది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక ఆ వినడమూ పోయింది. గనుల్లో బొగ్గు తీసేవాళ్లు లేరు, కరెంటు లేదు, మైకు లేదు. లోపల అయ్యగారు ఏం బోధిస్తున్నారో తెలియదు. అందరూ ఆమెన్ అన్నాక తనూ ఆమెన్ అనడం, అంతే. వారమంతా బీడీలు చుట్టి నడుము పడిపోయిన మనిషికి ఈ మాత్రం దానికి ఇంత దూరం రావడం దేనికనిపించింది. ఈ రోజు కూడా పక్కింటి నర్సక్క పోరు పడలేకే వచ్చింది.

యువకులు పక్కకు జరిగారు. అప్పుడు కనిపించాయి మెట్లు.

"గదేందో సూడు రాజక్కా," అంది బండి వెనక ఉన్న నర్సక్క.

మెట్ల మీద మందమైన చెక్కలు ఒకదానికొకటి ఆనించి పరిచి ఉన్నాయి. కింది నుంచి తలుపు దాకా నున్నగా, ఏటవాలుగా.

రాజక్కకు నమ్మకం కలగలేదు. ర్యాంపు కట్టమని ఎంతకాలంగా అడుగుతోందో. చర్చి ముందు అందం పోతుందన్నారు. కమిటీలో మాట్లాడతామన్నారు. ఒక్క మనిషి కోసమా అన్నారు. విశ్వాసముంటే నీకు కాళ్లే వస్తాయి, ర్యాంపెందుకన్నారు. అడిగి అడిగి విసిగిపోయి నోరు మూసుకుంది.

సంఘ పెద్ద సామేలు ఆ చెక్కలను కాలితో తొక్కి చూస్తున్నాడు.

"వందనాలన్నా. గట్టిగున్నయా?"

"మస్తు గట్టి, చెల్లె. క్వింటాళ్ల బరువైనా ఆగుతది."

"నేనంత బరువేం లేను తియ్యన్నా," రాజక్క నవ్వింది. "అన్నా, నీ మీద శానా కోపం పెట్టుకున్న. పెద్దమనిషివే గని మనసు లేదనుకున్న. నన్ను మాఫ్ జెయ్యి."

సామేలు అటూ ఇటూ చూశాడు. "అయ్యో, గట్లనకు," అని గొణిగాడు.

"లోపట యాడ కూసోవాలె? ముందటనా, ఎనుకనా?"

సామేలు జేబు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

నర్సక్క బండిని చెక్కల మీదికి తోసింది. చక్రాలు మెల్లగా పైకి సాగాయి. సగం ఎక్కేసరికి తలుపులోంచి బల్ల కనిపించింది, దాని మీద తెల్లటి గుడ్డ, రొట్టె పళ్లెం. ఇన్నేళ్లుగా తనకొచ్చే రొట్టె ఎక్కడి నుంచి వస్తోందో రాజక్క చూడటం అదే మొదలు. ఆమెకు ఏడుపొచ్చింది.

"జరగుండ్రి, జరగుండ్రి," అని వెనక నుంచి ఎవరో అన్నారు. నలుగురు మనుషులు చక్రాల మీదున్న పెద్ద జనరేటరును తోసుకుంటూ గేటు దాటి వస్తున్నారు.

"చెల్లె, జర కిందికి దిగుండ్రి," అన్నాడు సామేలు. "గది పైకెక్కాలె. ఇవి కిరాయి చెక్కలు, అది ఎక్కంగనే తీస్కపోతరు."

"గివి నా కోసం కాదా అన్నా?"

"నీ కోసమే అనుకోరాదు. జనరేటరు వరండల పెడ్తె మైకు నడుస్తది. కింద కూసున్నా నీకు మంచిగ ఇనవడ్తది."

నర్సక్క బండి జారకుండా పట్టుకుంది. "దింపాల్నా రాజక్కా?" అని అడిగింది.

రాజక్క అలిసిన ముఖాన్ని కొంగుతో తుడుచుకుంది. బండిని చెక్కల మధ్యలోకి అడ్డంగా తిప్పి, చేతి బ్రేకు గట్టిగా లాగింది.

"లోపటికి పోయి అయ్యగారికి చెప్పన్నా," అంది. "మెట్ల మీద రాస్తారోకో షురువైందని."