మిస్బా కాగితం

ముందు మిస్బా పేరు చెరిపింది. తర్వాత తన పేరు చెరిపింది. రబ్బరు పొట్టును ఉఫ్‌మని ఊది, రెండు కాగితాల మీదా పేర్లు తారుమారు చేసి రాసి, హరిత ఆ క్లాసు కాగితాల కట్టను మళ్లీ అమ్మ బ్యాగులో పెట్టేసింది. వంటింట్లో పోపు వేగేలోపే పని అయిపోయింది.

అమ్మ అంటే పద్మజ మేడం. గురజాలలో హరిత పదో తరగతి చదివే స్కూల్లోనే ఇంగ్లీషు చెబుతుంది. కాగితాల మీద పేర్లు పెన్సిల్‌తో రాయించడం ఆమె అలవాటు. బాగున్నవి గోడకు అంటించేటప్పుడు, మిగతావాళ్లు చిన్నబుచ్చుకోకుండా పేర్లు చెరిపేస్తుంది. చేతిరాత పట్టిస్తుందన్న భయం హరితకు లేదు. వేసవిలో చేతిరాత మాస్టారు వచ్చి క్లాసంతటికీ ఒకటే రాత నేర్పి పోయాడు. ఎవరి కాగితం చూసినా అచ్చు గుద్దినట్టే ఉంటుంది.

ఇదంతా ఎందుకంటే, కడుపుమంట. కొన్నాళ్లుగా క్లాసులో సిమిలీ, మెటాఫర్, పర్సానిఫికేషన్ లాంటి అలంకారాలు నడుస్తున్నాయి. మిస్బా నాన్న ఆర్టీసీ డ్రైవరు. మాచర్ల బస్సు ముసలి తాతలా దగ్గుతుందని మిస్బా రాస్తే, మేడం పీరియడంతా ఆ దగ్గు గురించే చెప్పింది. పత్తిచేను మబ్బుల్ని కిందికి పిలిచి కూర్చోబెట్టుకుందని హరిత రాస్తే, స్పెల్లింగ్ చూసుకో అంది. అంతే.

హరితది ఎడమచేతి వాటం. ఇంటికొచ్చాక పద్మజ ఆ చెయ్యి పట్టుకుని, అరచేతి అంచున అంటిన సిరాను కొంగుతో తుడుస్తూ, రాసిందంతా అలుక్కుంటూ పోతావేందే అని రోజూ సణిగేది. ఈవిడకు సిరా కనిపించినట్టు మాట కనిపించదని హరిత ఉడుక్కునేది.

నాయనమ్మ శేషమ్మ మాత్రం కోడల్నే వెనకేసుకొచ్చేది. "కన్నతల్లి దిష్టే ముందు తగులుద్దే. మీ అమ్మ పొగడకపోవటమే నీకు రక్ష" అనేది. పసితనంలో బొద్దుగా ఉందని పద్మజ ఒక్క మాట మురిసిపోయిన పాపానికి, తెల్లారేసరికి పిల్లకు జ్వరం కాసిందట. ఆ రోజు నుంచీ నోరు కట్టేసుకుందట. హరితకు ఈ మాటలు వింటే ఒళ్లు మండేది. పొగడ్తలన్నీ మిస్బాకు, రక్ష మాత్రం తనకు!

తనకు కావలసింది గొంతెమ్మ కోరికేమీ కాదు. అమ్మ నోట, నలుగురి ముందు, ఒక్కసారి 'బాగుంది' అన్న మాట. మిస్బా కాగితం మీద తన పేరుంటే ఆ మాట ఎందుకు రాదో చూద్దామనుకుంది. అక్క పెళ్లికని మిస్బా మాచర్ల వెళ్లింది, మర్నాడు రాదు. అడిగేవాళ్లు లేరు.

మర్నాడు మేడం కట్ట విప్పింది. హరిత పేరున్న కాగితాన్ని కళ్లతోనే చదివి, పర్లేదు, స్పెల్లింగ్ చూసుకో అని పక్కన పెట్టింది. మిస్బా రాసినా అంతేనా?

తర్వాత మిస్బా పేరున్న కాగితం తీసి, మేడం కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకుని, పైకి చదివింది. కల్లంలో ఎండే మిరపకాయలు దారిన పోయే ప్రతివాణ్ణీ పలకరిస్తాయి, తుమ్మించందే పంపవు. క్లాసు నవ్వింది. హరిత మాత్రం బిగుసుకుపోయింది. ఆ వాక్యం తను రాసింది.

"మా అమ్మ నవ్వు జీతం. నెలకోసారే వస్తుంది."

అదీ తనదే. అమ్మకు గుచ్చుకోవాలని కావాలనే రాసింది. మేడం దాన్ని రెండుసార్లు చదివింది. జీతంలా అంటే సిమిలీ అయ్యేది, ఈ పిల్ల జీతమే అనేసింది, కాబట్టి మెటాఫర్ అని వివరించింది.

"ఇన్నేళ్లలో ఇంత బాగా రాసినోళ్లను నేను చూళ్లేదు. బంగారం, ఈ పిల్ల" అంది. చప్పట్లు కొట్టించింది.

హరిత కూడా కొట్టింది. తన మాటలకు తనే, మిస్బా పేరు మీద. ఇన్నాళ్లూ మిస్బా రాత మీద ఉన్న కుళ్లంతా ఇప్పుడు ఆ పేరు మీదికి మళ్లింది. పేర్లు చెరిపేసి రెండు కాగితాలనూ గోడకు అంటిస్తున్న అమ్మను చూస్తుంటే ఏడుపు తన్నుకొచ్చింది.

సాయంత్రం ఇంట్లో ఇక ఆపుకోలేకపోయింది.

"నువ్వు పొగిడింది మిస్బాను కాదు. ఆ రెండు వాక్యాలూ నేను రాసినయ్యి. పేర్లు నేనే మార్చా. నా పేరు లేకపోతేనే నా రాత నీకు బాగుంటదా అమ్మా?"

పద్మజ ఉలిక్కిపడలేదు. వాకిట్లో కూర్చున్న అత్తగారి వైపు ఓసారి చూసి, తలుపు దగ్గరగా వేసింది. కూతురి ఎడమచెయ్యి ఒళ్లోకి లాక్కుని, ఎప్పటిలాగే కొంగుతో తుడవసాగింది. జీతం రావడానికి ఇంకా చాలా రోజులున్నాయి. అయినా ఆమె నవ్వింది.

"ఆ కాగితం నిండా నీ అరచేతి మరకేగా."