అందరికీ ఒకే పాట

చెవిలో పెట్టుకున్న యంత్రమే ఎవరి మనసును బట్టి వాళ్లకు అప్పటికప్పుడు పాట కట్టిచ్చే రోజులు వచ్చాక, తబిత పాటలు వినేవాళ్లే కరువయ్యారు. విశాఖ రేవులో క్రేన్ల మోతను, ఓడల కూతలను పట్టుకొచ్చి, కంప్యూటర్లో లయ కూర్చి ఆరేళ్లుగా ఆమె సంగీతం చేస్తోంది. ఇక మానేస్తానని చెప్పడానికి రేడియో జోగారావు దగ్గరకు వెళ్లింది. ఆమె మొదటి పాట వేసింది ఆయనే. ఊరంతటికీ ఒకే పాట వినిపించే స్టేషన్ కూడా ఆయనదొక్కటే మిగిలింది.

"మానేద్దువుగానిలే అమ్మా. ముందు నువ్వు కొత్తగా చేసిన పాట ఇలాగియ్యి," అన్నాడాయన.

వారం రోజులు పొద్దున్నే అదే వేశాడు. "నా మనసుకి నప్పని పాట నాకెందుకండీ?" అని ఫోన్లొచ్చాయి. "మీ పక్కింటాయన కూడా ఇదే వింటున్నాడండీ. ఎలాగుందో ఓసారి ఆయన్ని అడగండి," అని బతిమాలాడు జోగారావు.

ఎనిమిదో రోజు తబిత సిటీబస్సెక్కింది. చేపలబుట్ట పక్కన పెట్టుకున్న ఒకామె కూనిరాగం తీస్తూ మధ్యలో ఆగిపోతే, కండక్టరు మిగతాది అందుకున్నాడు.

చేపలామె ఉలిక్కిపడింది. "నా పాట నీకెలాగ తెల్సు బాబూ?"

"నీ పాటేటమ్మా? అది నాది కదేటి!"

ఇద్దరూ పకపకా నవ్వారు. తబితకు కళ్లు చెమర్చాయి. అది తనదని చెప్పబోయి ఊరుకుంది. బస్సు దిగగానే జోగారావుకు ఫోన్ చేసింది.

"బాబాయ్, ఇంకోటి మొదలెడతన్నాను."