ఎవరు వెనక్కి తీయాలి?

నర్సింలు వెనక్కి తీయనన్నాడు. ఉదయలక్ష్మి కూడా తీయనంది. రెంజల్ దారిలో కాలువ మీది ఇరుకు వంతెన నడుమ రెండు ట్రాక్టర్లూ ఎదురెదురుగా ఆగిపోయాయి.

"అక్కా, మా వడ్లు కల్లంల ఆరబోసి ఉన్నయ్. కప్పుదామంటే టార్పాలిన్లు ఈ ట్రాలీలనే ఉన్నయ్. మబ్బు సూడు, ఎట్ల మీదికొస్తున్నదో! జర ఎన్కకు తియ్యి."

"నాది లోడు బండి తమ్ముడూ. కొనుగోలు కేంద్రంలో ఇవాళే కాంటా. ఖాళీ బండి నీది, నువ్వే తీయాలి."

న్యాయం ఆమె వైపే ఉంది. ఆ సంగతి నర్సింలుకూ తెలుసు. కానీ ఆడమనిషికి దారిచ్చి వెనక్కి పోయాడని తెలిస్తే రేపు హోటల్ దగ్గర నలుగురూ ఊరుకుంటారా? చచ్చినా తీయడు.

మడ్‌గార్డు మీద కూర్చున్న కూతురు శిరీష అతని చెవిలో గుసగుసలాడింది. డిగ్రీ చదువుతున్న పిల్ల.

"బాపూ, మా క్లాసుల చెప్పిండ్రు. గిట్ల ఇద్దరు మొండికేసినప్పుడు, ఎన్కకు పోయే దారి తనకే లేకుంట చేసుకున్నోడు గెలుస్తడట. గా సంగతి కండ్లార సూస్తే అవతలోళ్లు జరగక తప్పదట."

నర్సింలుకు ఆ మాట తెగ నచ్చింది. ఇంజను ఆపాడు. తాళంచెవి పీకి, ఉదయలక్ష్మికి కనబడేలా పైకెత్తి చూపించి, కాలువలోకి గిరాటేశాడు. అది బుడుంగున మునిగింది.

"అయ్యో బాపూ! నిజంగనే ఇసిరేసినవా!" శిరీష తల పట్టుకుంది.

"ఇగ నా చేతుల ఏం లేదక్కా!" అని అరిచాడు నర్సింలు. "తియ్యాలన్నా తియ్యలేను. నువ్వే తియ్యాలె!"

ఉదయలక్ష్మి కాలువను చూసింది, మబ్బును చూసింది. తన బండి ఆపి, దిగి నడిచొచ్చింది. బతిమాలడానికే వస్తోందని నర్సింలు మీసం దువ్వుకున్నాడు.

"కొంచెం దిగండమ్మా ఇద్దరూ" అంటూ ఆమె అతని సీటెక్కింది. తన తాళంచెవి అతని బండికి పెట్టి తిప్పింది. ఇంజను గుర్రుమంది. ట్రాలీ ఎక్కడా గట్టుకు తగలకుండా బండిని వెనక్కి నడిపి వంతెన దాటించి, పక్కకు పెట్టి, ఇంజను ఆపి, తన తాళంచెవి పీక్కుని దిగింది.

నర్సింలు నోరు వెళ్లబెట్టాడు. "నీ చాబి నా బండికెట్ల పట్టిందక్కా?"

"ఈ కంపెనీ బండ్లన్నింటికీ ఒకటే తాళం. ఇన్నేళ్ల నుంచి తోలుతున్నావు, తెలీదా?" అంటూ ఆమె తన ట్రాక్టరెక్కింది.

టప్‌మని ఒక చినుకు నర్సింలు ముక్కు మీద పడింది. లోడు బండి వంతెన దిగి తన పక్కకు రాగానే అడ్డంగా ఉరికాడు.

"అక్కా, మా వడ్లు! ఆ చాబి ఇచ్చిపో, నీ కాళ్లు మొక్కుత!"

"ఇస్తే నా బండెలా కదులుతుంది తమ్ముడూ? నీళ్లు నడుంలోతే, దిగి వెతుక్కో."