బస్తా వైద్యం

“బస్తా కింద పెట్టన్నా! అది నా బస్తా!”

మడివాళ మార్కెట్ వెనక సందులో మస్తాన్ అరిచిన అరుపుకి లారీ డ్రైవరు తల బయటపెట్టి చూశాడు. బియ్యం అంగడి రామాంజినప్ప మాత్రం తల తిప్పలేదు. పంచె ఎగగట్టి, సోనామసూరి బస్తాను ఛాతీకి హత్తుకుని, బుసలు కొడుతూ అంగడిలోకి నడిచాడు.

“నీది ఎట్లయిందప్పా?” అన్నాడు బస్తా దించి. “బియ్యం నావి, అంగడి నాది, షుగరు నాది. బరువులెత్తు, కండ పెరిగితే షుగరు దిగుతాదని డాక్టరు అర్పిత మేడం చెప్పిండాది. ఎత్తతా ఉండాను.”

“నెల నుంచి ఎత్తతానే ఉండావు. మూటకింతని నువ్విచ్చే కూలీ మీదే కదన్నా నేను బతికేది? అన్నీ నువ్వే దించుకుంటే నేనేం తినాల?”

“మార్కెట్లో వేరే అంగళ్ళు లేవా?”

“ఒక్కో అంగడికి ఒక్కో హమాలీ ఉండాడు. వాళ్ళ లారీ మీద చెయ్యేస్తే ఆ చెయ్యి విరిచేస్తారు. నీకు తెలీదా?”

తెలుసు. తెలిసే, ఏమీ తెలియనట్టు మోకాళ్ళు వంచి ఇంకో బస్తా ఎత్తుకున్నాడు.

మస్తాన్‌కి కాలు నిలవలేదు. లారీ దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, మెట్టు మీద కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. పని లేని చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచక లుంగీకి తుడుచుకున్నాడు. నెల నుంచీ ఇదే బతుకు. పొద్దున్నే రావడం, సావుకారు మోస్తుంటే కళ్ళప్పగించి చూడడం, ఎవరైనా జాలిపడి టీ పోయిస్తే తాగడం. పొట్ట నింపుకోవడానికి తాను మోసే బరువుని ఇంకొకడు పొట్ట తగ్గించుకోవడానికి మోస్తాడని ఏ హమాలీ అయినా కలగన్నాడా? పోనీ చేతకాక వదిలేస్తాడా అంటే అదీ లేదు. రోజురోజుకీ మనిషి గట్టిపడుతున్నాడు. మొదట్లో రెండు బస్తాలకే గోడ పట్టుకున్నవాడు ఇప్పుడు ఈల వేసుకుంటూ మోస్తున్నాడు.

కడుపు మండిపోతుంటే మస్తాన్ నీళ్ళ సీసా ఎత్తి గటగటా తాగేశాడు.

“ఏమప్పా, పొద్దున్నించీ నీళ్ళు తాగతానే ఉండావు?” అన్నాడు రామాంజినప్ప, చెమట తుడుచుకుంటూ. “ఊరికూరికే సందు చివరికి పోతా ఉండావు. నాకూ మొదట్లో ఇట్లే అయ్యుండె. రా, వేలు పెట్టు, షుగరు చూస్తా.”

“నాకెందుకన్నా? అది కూర్చోని తినేటోళ్ళ జబ్బు.”

“నువ్వూ ఇప్పుడు కూర్చోనే కదప్పా ఉండావు!” డ్రైవరు పకపకా నవ్వాడు.

రామాంజినప్ప గల్లాపెట్టె పక్కనుంచి షుగరు మిషన్ తీసి మస్తాన్ వేలికి సూది గుచ్చాడు. అంకె పడింది. నవ్వబోయిన సావుకారు నోరు అట్లాగే ఉండిపోయింది.

“నాకెప్పుడూ ఇంత ఎక్కలేదప్పా. నడువు, మేడం దగ్గరికి!”

పక్క వీధిలోనే క్లినిక్. డాక్టర్ అర్పిత మళ్ళీ పరీక్ష చేయించి, కాళ్ళూ కళ్ళూ చూసి అడిగింది.

“ఏం పని చేస్తావు?”

“హమాలీ పని మేడం. మూటలు మోస్తాంటి.” మస్తాన్ సావుకారు వైపు ఓరగా చూశాడు. “నెల నుంచి కూర్చోనుండా.”

“అదే మరి. షుగర్ నీకు ఎప్పట్నుంచో ఉండుంటుంది. ఇన్నాళ్ళూ నీ కండలే దాన్ని ఖర్చు చేసేశాయి. పని ఆగేసరికి బయటపడింది. మాత్రలు రాస్తున్నాను, తిండి మార్చుకోవాలి. దాంతోపాటు మళ్ళీ బరువులు ఎత్తాలి. నీకు జిమ్మూ గిమ్మూ అక్కర్లేదు, నీ పనే చాలు. మానొద్దు.”

జబ్బు వచ్చిందని దిగులు పడాల్సిన మనిషికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. సావుకారు ఎదుట, సావుకారు నమ్మే డాక్టరే చెప్పింది. ఇంకేం కావాలి?

బయటికొచ్చాక రామాంజినప్ప తల వంచుకుని నడుస్తున్నాడు. మస్తాన్ ఆయన మొహం చూడాలని రెండడుగులు ముందుకు ఉరికాడు, అందులో ఏముందో తెలియక మళ్ళీ వెనకబడ్డాడు. కాదంటాడా? అన్నీ నాకే కావాలంటాడా? అంగడి చేరేసరికి మస్తాన్ చొక్కా చెమటకి తడిసిపోయింది.

లారీ దగ్గర ఆగి రామాంజినప్ప అతని భుజం మీద చెయ్యేశాడు.

“నా వల్లనే కదప్పా నీకిట్లయింది. పాపం నాకే తగలాల. ఈ పొద్దు నుంచి సగం బస్తాలు నావి, సగం నీవి. సరేనా?”

మస్తాన్‌కి కళ్ళు చెమర్చాయి. తుండుగుడ్డ తలకి చుట్టి, ఒకేసారి రెండు బస్తాలు వీపుకెత్తుకున్నాడు. ఒళ్ళు పని మరిచిపోలేదు. తన సగం దించేదాకా ఆగలేదు, ఆయాసం కూడా తెలియలేదు. ఆఖరి బస్తా అట్టిలో పేర్చి, నవ్వుతూ సావుకారు ముందుకొచ్చి నిలబడ్డాడు.

“పాత కూలీనే ఇయ్యన్నా. ఎక్కువేం అడగను.”

రామాంజినప్ప నిజంగానే నొచ్చుకున్నాడు.

“కూలీనా? జిమ్ముకి పోతే బరువులెత్తినందుకు వాళ్ళే నీ దగ్గర దుడ్లు వసూలు చేస్తారప్పా! నేనేమన్నా అడగతా ఉండానా నిన్ను?”