సైటు చూడని బేడ్జీ

"బేడ్జీ ఛాతీ మీద పెట్టుకున్నావా, లేదా? అదొక్కటీ చెప్పు," అంటూ సేఫ్టీ ఆఫీసర్ గురునాథరావు బొంబాయి నుంచి వచ్చిన కాగితాన్ని చలమయ్య వైపు తిప్పాడు.

"పెట్టుకున్నాను సార్. రోజూ పెట్టుకుంతన్నాను," అన్నాడు చలమయ్య.

అబద్ధం. ఆ బేడ్జీ మూడు నెలల్లో ఒక్కపూటైనా సైటు మొహం చూడలేదు.

చలమయ్యది గామా కెమెరా పని. ఉక్కు పైపుల అతుకుల్లో పగుళ్లున్నాయేమో ఫోటో తీసి చూడాలి. ఒక్కో ఫోటోనీ ఎక్స్‌పోజర్ అంటారు. తీసేవాడి ఒంటికి కూడా ఆ గామా కిరణాలు పిసరంత తగులుతాయి, దాన్నీ ఎక్స్‌పోజర్ అనే అంటారు. అది ఎంతో తెలియడానికి చొక్కాకి అగ్గిపెట్టెంత బేడ్జీ పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి బేడ్జీ బొంబాయి వెళ్తుంది, అక్కణ్ణుంచి అంకె వస్తుంది. అంకె హద్దు దాటితే మనిషిని పని మాన్పించి కూర్చోబెడతారు. కాంట్రాక్టు మనిషిని ఊరికే కూర్చోబెట్టి మేపే మహానుభావుడు విశాఖపట్నంలోనే కాదు, ఎక్కడా ఉండడు. అందుకే చేరిన కొత్తలోనే సీనియర్ జగ్గయ్య కిటుకు చెప్పాడు. "బేడ్జీ పనికాడికి తేకు బావా. సున్నా వత్తాది, పని నడిసిపోద్ది."

ఆరేళ్లుగా సున్నాయే వచ్చింది. ఈసారి హద్దుకి రెండింతలు వచ్చి కూర్చుంది. బొంబాయిలో ఎవడో నిద్రమత్తులో ఇంకొకడి అంకె తన పేరు మీద రాసుంటాడని చలమయ్య నమ్మకం. ఆ మాట పైకి అంటే, నీకెలా తెలుసురా అంటారు.

"రోజూ పెట్టుకున్నావంటే ఇదంతా నీ ఒంటికి తగిలినట్టే," అన్నాడు గురునాథరావు. "ఏడాది పాటు కెమెరా ముట్టుకోకూడదు."

"ఏడాదే! సార్, మాయావిడికి అయిదో నెల సార్."

ఆ మాట అంటుంటే అతనికి ఏడుపొచ్చింది. గౌరీశ్వరికి ఇదివరకు రెండు కాన్పులు మధ్యలోనే పోయాయి. ఈసారి రెండో నెలలోనే కాలు కింద పెట్టకూడదన్నారు డాక్టరమ్మ. ఆ సాయంత్రమే చలమయ్య పోర్టు వెనక తుక్కు కొట్టుకి పోయి, ఓడలో దిగిన దుక్కల్లాంటి ఇనప గొట్టాలు కొన్నాడు. వెల్డర్ గవర్రాజు వాటితో మంచం చేసిపెట్టాడు. నలుగురు మోస్తే గానీ అది గుమ్మం దాటలేదు. చలమయ్య మాత్రం సబ్బవరంలోని తన ఇంటి గుమ్మం ఊరికే దాటడు. బోరింగు దగ్గర ఒళ్లు రుద్దుకుని, సైటు బట్టలు బయటి తీగ మీద ఆరేసి మరీ లోపలికి వెళ్తాడు. గామా అనేది నీళ్లతో పోయే మసి కాదని ట్రైనింగులో చెప్పారు. అయినా మనసు ఒప్పుకోదు.

"నిజం సెప్పేత్తాను సార్," అన్నాడు చలమయ్య. "పెట్టుకోనేదు."

గురునాథరావు కళ్లజోడు తీశాడు. మంచివాడే గానీ, చాదస్తం పాలు ఎక్కువ. "మరి బేడ్జీ ఎక్కడుంది?"

చలమయ్య కాగితం మీద అంకెనే చూస్తున్నాడు.

"చూడు చలమయ్యా. అంకె ఊరికే రాదు. బేడ్జీ ఉన్నచోట ఏదో ఉండే ఉండాలి. ఏదో దేశంలో పాత ఆస్పత్రి యంత్రాన్ని కరిగించి కుర్చీలు చేశారట. వాటిలో కూర్చున్నవాళ్లకి గామా తగులుతోందని ఏళ్ల తరబడి తెలియనే లేదు. చోటు చెప్పు. గామాని కొలిచే మీటరు పట్టుకుని ఇప్పుడే వస్తాను."

బల్ల మీద మీటరు పసుపుపచ్చగా ఉంది. చలమయ్య దానివంక, తలుపువంక చూశాడు. పెట్టుకున్నానంటే ఏడాది. ఉన్న చోటు చెబితే...

"ఒకవేళ సైటు దాటించానంటే?" అన్నాడు మెల్లగా.

"కెమెరా ముట్టుకునే కార్డు రద్దు. ఈ పని ఈ జన్మలో చెయ్యలేవు. నా చేతిలో ఏమీ లేదు." గురునాథరావు గొంతు తగ్గించాడు. "కెమెరా గదిలో మర్చిపోయినవాళ్లున్నారు. వాళ్లకి వార్నింగుతో సరి."

మునిగేవాడికి తాడు దొరికింది.

"అదే సార్! కెమెరా గదిలోనే ఒగ్గీసాను. కెమెరా పక్కనే!"

"మూడు నెలలూ?"

"మా పిల్లల మీద ఒట్టు సార్." లేని పిల్లల మీద ఒట్టేసినందుకు అతని మనసు చివుక్కుమంది.

గురునాథరావు కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. వెతకాల్సింది ఏమీ లేదని రాశాడు. చలమయ్య సంతకం పెట్టాడు. ఫైలు మూతపడింది, మీటరు బీరువాలోకి వెళ్లిపోయింది.

"ఇదిగో, కొత్త బేడ్జీ. ఈసారైనా జాగ్రత్తగా చూసుకో."

"కళ్లల్లో పెట్టుకుంతాను సార్."

సబ్బవరం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కొత్త బేడ్జీని రెండుసార్లు జేబులో తడిమి చూసుకున్నాడు. దిగి, బోరింగు దగ్గర రోజూ కంటే రెండు బకెట్లు ఎక్కువే పోసుకున్నాడు. పొడి లుంగీ కట్టుకుని లోపలికి వెళ్లాడు.

"ఏటన్నారు ఆఫీసోలు?" అంది గౌరీశ్వరి, మంచం మీంచి తల ఎత్తి.

"ఏటీనేదు. వార్నింగే. నువ్వు మంచం దిగనేదు కదా?"

"దిగితే నువ్వూరుకుంతావేటి? మూడు నెల్ల నుంచి దీనికే అతుక్కుపోయున్నాను."

"ఇంకో నాలుగు నెల్లు ఓర్చుకో తల్లీ."

ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "కదుల్తన్నాడు. సేతిలో అదేటి?"

"కొత్త బేడ్జీ."

చలమయ్య దాన్ని, పాతది మూడు నెలలూ వేలాడిన మేకుకే, ఆమె తలాపున తగిలించాడు.