దేశానికి నోరు

“సాఫ్ట్ పవర్ అంటే ఏమిటి?” అడిగారు రామారావు.

చైతన్యపురిలోని ఆ కోచింగ్ సెంటర్ షట్టర్ సగానికి దించి ఉంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు. రోడ్డు మీద బస్సన్నది లేదు. రెండో అంతస్తులో మాత్రం మాక్ ఇంటర్వ్యూలు ఆగలేదు.

ఎదుటి కుర్చీలో శేఖర్ నిటారుగా కూర్చున్నాడు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఫారిన్ సర్వీసు తప్ప మరొకటి వద్దని నాలుగేళ్ళుగా చదువుతున్నాడు.

“సైన్యం భయపెడతది సార్. సాఫ్ట్ పవర్ ఇష్టపడేటట్టు చేస్తది. మన పాట, మన తిండి, మన సినిమా పరాయి దేశపోనికి నచ్చిందనుకోండ్రి, రాయబారికి సగం పని అక్కడనే అయిపోతది.”

జవాబు బాగుంది. వెనక తన వంతు కోసం కూర్చున్న జ్యోతిక తలూపింది కూడా.

“‘చేస్తది’ కాదు, ‘చేస్తుంది’” అన్నారు రామారావు. “ఇంటర్వ్యూ తెలుగులో ఇస్తానన్నావు. బోర్డు ముందు కూడా ఇదే యాసా? రాయబారి అంటే దేశానికి నోరు. ఆ నోరే ఇలా ఉంటే ఎలా?”

శేఖర్ ముఖం కందిపోయింది.

“ఒక్కటి అడుగుత సార్. మాది ఎన్నో భాషల దేశమని బయట గొప్పగ చెప్పుకుంటం. ఇంట్ల మాత్రం గీ యాసను సినిమాల రౌడీకి, జోకర్‌కు ఇస్తం. ఇంటోళ్ళ మాటనే మెచ్చనోళ్ళం, బయటోళ్ళను ఎట్ల మెప్పిస్తం?”

“అది సిలబస్‌లో లేదు.” రామారావు కాగితం మీద ‘భాష: పదికి రెండు’ అని రాసి ముందుకు తోశారు. ఆయన గొంతు అవసరానికి మించి గట్టిగా పలికింది. “దాన్ని వదిలించుకో. లేదా ఈ ఉద్యోగం మర్చిపో. నీ మంచికే చెప్తున్నాను.”

శేఖర్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

“మంచిది సార్. రేపటిసంది నా యాసతోని మీకు పరేషాన్ ఉండది.”

మర్నాడు అతను రాలేదు. ఫోన్ స్విచాఫ్. పది గంటలకు జ్యోతిక రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

“సార్, శేఖర్ పుస్తకాలన్ని హాస్టల్ల పంచిపెట్టిండంట. ఎల్బీనగర్ చౌరస్తా దిక్కు పోయిండంట. చేతిల గాసునూనె డబ్బా చూసినమంటున్నరు.”

ఆ రోజుల్లో ఆ మాటకు అర్థం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

సెంటర్ యజమాని నాగార్జునది భీమవరం. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“మీరు వెళ్ళకండి మాస్టారూ. పోలీసులకి ఫోన్ చేస్తాను. నోరు విప్పితే చాలు, ఎక్కడివాళ్ళమో తెలిసిపోతుంది. మనలాంటివాళ్ళకి ఇవాళ ఆ చౌరస్తా మంచిది కాదండీ.”

“చేయండి” అని మాత్రం అని రామారావు మెట్లు దిగారు. జ్యోతిక ఆయన వెంట నడిచింది.

కొత్తపేటలో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. టైర్ల పొగ కళ్ళు మండిస్తోంది. మలుపు దగ్గర ఒక గుంపు వాళ్ళను ఆపింది.

“ఏ ఊరు సారు మీది?”

రామారావు పెదాలు కదిలాయి కానీ మాట బయటికి రాలేదు.

“మా సారే అన్నా. జర పోనీయిండ్రి” అని జ్యోతిక చేతులు జోడించింది. గుంపు దారి ఇచ్చింది. వెనక నుంచి ఎవరో, “నోరిప్పలే జూడు, ఆంధ్ర సారే, గుర్తుపెట్టుకోండ్రి” అనడం ఇద్దరికీ వినిపించింది.

చౌరస్తాలో వందలమంది ఉన్నారు. నినాదాలు ఆగిపోయి ఉన్నాయి. డివైడర్ మీద శేఖర్ నిలబడ్డాడు. డబ్బా మూత తీసి ఉంది. కిరోసిన్ వాసన గాలిలో తేలుతోంది. ఎవరు అడుగు ముందుకేసినా అతను డబ్బా పైకెత్తుతున్నాడు.

“శేఖర్, ఆగు! నా మాట విను!”

ఆ మాటతీరుకు జనం గిరుక్కున తిరిగారు. ఎవరిదో చెయ్యి రామారావు కాలర్ పట్టుకుంది.

“సారును ఇడిసిపెట్టుండ్రి!” శేఖర్ అరిచాడు. “మీరు పోండ్రి సార్. నోట్లకెల్లి మాట గుంజుకుంటే ఎట్లుంటదో మీకు తెల్వది.”

కాలర్ మీది పట్టు సడలింది. రామారావు ఒక్కో అడుగే వేసుకుంటూ డివైడర్ దాకా వెళ్ళారు. ఈసారి డబ్బా పైకి లేవలేదు. ఆయన పైకెక్కి, శేఖర్ భుజం మీద చెయ్యి వేసి, చెవిలో ఏదో అన్నారు.

అది మరెవరికీ వినిపించలేదు.

శేఖర్ ఎన్నడూ చూడని మనిషిని చూస్తున్నట్టు ఆయన ముఖంలోకి చూశాడు. వేళ్ళు వదులయ్యాయి. డబ్బా జారి పడింది. ఇద్దరు ముగ్గురు ఉరికి వచ్చి దాన్ని దూరంగా లాగేశారు. శేఖర్ ఆయన భుజం మీద వాలి ఏడ్చాడు. అంతకంటే ఎక్కువగా రామారావు ఏడ్చారు.

కాసేపటికి జనం పలచబడ్డారు. ఫుట్‌పాత్ మీద కూర్చున్న శేఖర్‌కు జ్యోతిక నీళ్ళ సీసా అందించింది.

“గంతమంది బతిమిలాడితే ఆగనోనివి. సారు ఏమన్నరు నీ చెవుల?”

శేఖర్ కళ్ళు తుడుచుకున్నాడు.

“‘నాది గూడ నల్లగొండనే బిడ్డా’ అన్నరు.”